స్కోడా లారా డీజిల్ టైమింగ్ బెల్టు: 42 వేల ఎస్టిమేటా, 11 వేల మాటా?

హన్మకొండ నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. 2013 స్కోడా లారా 2.0 టీడీఐ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మీటరు మీద 96 వేలు ఉంది. టైమింగ్ బెల్టు, అంటే పిస్టన్లతో తిరిగే క్రాంక్‌నూ, వాల్వులు తెరిచే క్యామ్‌నూ లెక్క తప్పకుండా కలిపి తిప్పే పళ్ల బెల్టు, ఎప్పుడైనా మార్చారా అంటే పాత ఓనర్‌కు గుర్తు లేదు. హైదరాబాద్‌లో కంపెనీ సర్వీస్ సెంటర్ 42 వేలు రాసిచ్చింది, ఊళ్లో షెడ్డులో 11,500 అన్నారు. "రబ్బరు బెల్టుకు 42 వేలేంది, ఇదేమన్నా ఫెరారీనా? పైకవరు తీసి చూస్తే బెల్టు మంచిగనే ఉంది. ఇంకో ఏడాది నడిపితే ఏమైతది?"

ముందు సూటిగా జవాబు. నడపొద్దు, ఈ నెలలోనే మార్పించండి. 11,500 పని వద్దు. 42 వేలూ పెట్టనక్కర్లేదు. లాకింగ్ టూల్స్ (పని అయ్యేదాకా ఇంజన్ కదలకుండా పట్టి ఉంచే పిన్నులు) ఉండి, ఈ ఇంజన్లు రోజూ విప్పే బయటి గ్యారేజీలో సరైన సామానుతో 25 నుంచి 30 వేలలో అయిపోతుంది. ఆ డబ్బు ఎక్కడెక్కడికి పోతుందో తెలిస్తే బేరం ఎక్కడ ఆడాలో, ఎక్కడ ఆడొద్దో మీకే అర్థమవుతుంది.

మీరు పెట్టిన ఎస్టిమేట్‌లో లెక్క ఇలా ఉంది: బెల్టు, టెన్షనర్ (బెల్టును బిగువుగా పట్టేది), ఐడ్లర్ పుల్లీల (బెల్టును దారిలో ఉంచే చక్రాలు) కిట్టు 14,000, వాటర్ పంపు 6,500, కూలెంట్ 2,800, కొత్త బోల్టులు 1,500, బయటి ఫ్యాన్ బెల్టు 3,200, లేబర్ 7,600. మొత్తం 35,600. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 42,008. ఇందులో మోసం ఏమీ లేదు, అన్నీ అవసరమైనవే. 2025 సెప్టెంబర్ 22 దాకా బండి సామాన్ల మీద చాలావాటికి 28 శాతం పడేది, ఇప్పుడు 18. అంతకుముందు రాయించుకున్న ఎస్టిమేట్ ఎవరి దగ్గరైనా ఉంటే మళ్లీ రాయించుకోండి, పన్ను దగ్గరే కొంత తగ్గుతుంది.

షెడ్డు వాళ్ల 11,500లో ఉన్నది బెల్టు, లేబర్ అంతే. టెన్షనర్ పాతదే, పంపు పాతదే. ఇక్కడే అసలు చిక్కు. టెన్షనర్‌లోని పాత బేరింగు జామ్ అయితే కొత్త బెల్టు కూడా తెగుతుంది. పంపు కూడా ఈ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి అది కారినా, దాని బేరింగు పోయినా మళ్లీ మొత్తం విప్పాల్సిందే. అప్పుడు లేబర్ రెండోసారి, కూలెంట్ రెండోసారి, నీళ్లు తగిలిందని బెల్టు కూడా రెండోసారి. 11,500 పెట్టి మిగుల్చుకున్నదంతా ఆ ఒక్క దెబ్బకు పోతుంది.

ఫెరారీ అన్నారు కాబట్టి ఆ సంగతీ చూద్దాం. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. 1989లో వచ్చిన ఫెరారీ 348, 1994లో వచ్చిన ఎఫ్355 బండ్లలో వీ8 ఇంజన్ డ్రైవర్ వెనక నిలువుగా, అంటే బండి పొడవునా ఉంటుంది. బెల్టులు ఉన్న కొస క్యాబిన్ గోడకేసి తిరిగి ఉంటుంది, మధ్యలో చేయి దూరే సందు లేదు. అందుకని ఇంజన్, గేర్‌బాక్స్, వెనక ఫ్రేమ్ కలిపి మొత్తం కిందికి దించాలి. అంత దించాక పాత హోసులు, బేరింగులు, సీళ్లు, వీలైతే క్లచ్చి కూడా చూసి మార్చకుండా మళ్లీ ఎక్కించరు. బిల్లు లక్షల్లోకి పోయేది అక్కడ. బెల్టుల ధర ఆ బిల్లులో చిన్న ముక్క. 1999లో వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక ఒక ప్యానెల్ పెట్టారు. అది విప్పితే బెల్టులు అందుతాయి, ఇంజన్ దించే పని తప్పింది. 2004 నాటి ఎఫ్430కి చెయిన్ పెట్టారు, బెల్టు గొడవే పోయింది. అదే కంపెనీ, అన్నీ వీ8లే, ఖర్చు మాత్రం బండి బండికీ మారిపోయింది. బెల్టు దగ్గరికి పోయే దారే తేడా.

మీ లారాకూ అదే లెక్క. ఇంజన్ అడ్డంగా ఉంటుంది, బెల్టు వైపు కుడి ఫెండర్‌కు ఆనుకుని ఉంటుంది. మధ్యలో అరచేయి పట్టేంత సందు. పైగా ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే కుడి ఇంజన్ మౌంటు బ్రాకెట్ బెల్టు దారిలోనే ఉంటుంది. అది విప్పకుండా బెల్టు బయటికి రాదు. మౌంటు విప్పాలంటే ముందు ఇంజన్‌ను పైనుంచి బీమ్‌తో వేలాడదీయాలి, లేదంటే కింద జాకీ పెట్టాలి. కుడి చక్రం, లోపలి లైనర్, క్రాంక్ పుల్లీ, మూడు కవర్లు. చేయి తిరిగిన మనిషికి కూడా ఐదారు గంటల పని.

ఇన్నోవాతో పోల్చి చూడండి. మన దగ్గర ప్రతి గల్లీలో కనిపించే పాత ఇన్నోవా 2.5 డీజిల్‌కూ టైమింగ్ బెల్టే. కానీ దాని ఇంజన్ నిలువుగా ఉంటుంది, బెల్టు రేడియేటర్ వైపు ఉంటుంది, ఇంజన్ మౌంటు ముట్టుకోనక్కర్లేదు. వాటర్ పంపు బయటి బెల్టు మీద తిరుగుతుంది, దాన్ని అప్పుడే మార్చాలని లేదు. రెండు మూడు గంటల పని, లారా ఖర్చులో సగం కూడా కాదు. డ్యాష్‌బోర్డు మీద టీ-బెల్ట్ అని దీపం కూడా వెలిగి చెబుతుంది. లారాకు ఆ దీపం లేదు. మీ ఊరి షెడ్డు మనిషి ఇన్నోవాలు వందల సంఖ్యలో చేసి ఉంటాడు, ఆ అలవాటుతోనే 11,500 అన్నాడు. అతను మోసగాడని కాదు, మీ ఇంజన్ వేరు.

"బెల్టు మంచిగనే ఉంది" అన్న మాట గురించి. పాత రబ్బరు బెల్టులు పగుళ్లు చూపించేవి, వంచితే గీతలు తేలేవి. ఇప్పటి బెల్టులు గట్టి రబ్బరు, లోపల గాజు నారల తాళ్లు, పళ్ల మీద గుడ్డ పొర. వీటికి వయసు పైకి కనిపించదు. లోపల తాడు అలిసిపోతుంది, పళ్ల మొదట్లో రబ్బరు గట్టిపడుతుంది. ఒక రోజు సెల్ఫ్ కొట్టినప్పుడు రెండు మూడు పళ్లు గీసుకుపోతాయి. బెల్టు తెగకుండానే టైమింగ్ పోతుంది. పైకవరు తీసి మీరు చూసింది పై నాలుగు అంగుళాలే. పంపు, క్రాంక్ పుల్లీ దగ్గర ఏముందో అక్కడినుంచి కనబడదు.

పైనుంచి చూసి కచ్చితంగా చెప్పగలిగేది ఒక్కటే, చెడ్డ కబురు: అంచులు పీచు తేలితే పుల్లీ వంకరగా తిరుగుతోంది. బెల్టు మీద నూనె తడి ఉంటే క్యామ్ సీలు గానీ, క్రాంక్ సీలు గానీ కారుతోంది. గులాబీ పొడి పొడిగా మరకలు ఉంటే పంపు కారి కూలెంట్ ఎండింది. ఇవేవీ లేకపోతే బెల్టు మంచిదని అర్థం కాదు, చెడ్డదని ఇంకా తెలియలేదు అంతే.

కిలోమీటర్లు 96 వేలే కదా అనొచ్చు. బండి పుట్టి పన్నెండేళ్లు దాటింది. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగని ఫెరారీలకు సైతం బెల్టులు ఏళ్ల లెక్కన మారుస్తారు, మూడేళ్లకా ఐదేళ్లకా అన్న దగ్గరే ఓనర్ల వాదన. ఎండలో నిలబడ్డ రబ్బరు నిలబడ్డచోటే ముదురుతుంది. సర్వీస్ బుక్‌లో కిలోమీటర్ల అంకె ఎంతున్నా, రికార్డు లేని బండికి లెక్క సున్నా నుంచి మొదలుపెట్టాలి. పైగా సెకండ్ హ్యాండ్ బండి మీటరును ఎంతవరకు నమ్మాలో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

మార్చారో లేదో తెలుసుకునే దారి ఒకటుంది. ఛాసిస్ నంబర్ ఇచ్చి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడగండి, వాళ్ల దగ్గర చేయించి ఉంటే కంప్యూటర్లో దొరుకుతుంది. బయట చేయించి ఉంటే బానెట్ లోపలో, బెల్టు కవరు మీదో తేదీ, కిలోమీటర్లు రాసిన స్టిక్కర్ ఉండొచ్చు. రెండూ లేకపోతే మార్చలేదనే అనుకోండి.

మన ప్రాంతంలో బెల్టును త్వరగా తినేవి. ఎండాకాలం రామగుండం, మంచిర్యాల వైపు 45 డిగ్రీలు దాటుతుంది, బానెట్ కింద వేడి సంగతి చెప్పేదేముంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారుల్లో, భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు దారుల్లో తిరిగే బండ్లకు దుమ్ము ఇంకో శత్రువు. కవరు గట్టిగా ఉన్నంతవరకు ఫర్వాలేదు. కానీ క్లిప్పు విరిగి వైరుతో కట్టిన కవర్లు, కింద కవరు అసలే లేని బండ్లు షెడ్డులకు ఎన్నో వస్తాయి. ఆ సందులోంచి పోయిన గ్రానైట్ పొడి పళ్ల మధ్య గరుకు కాగితంలా పని చేస్తుంది. ఊళ్లో గడ్డివాము పక్కన బండి పెట్టేవాళ్లకు ఎలుకలు సరేసరి, కవరు లోపల గూడు పెట్టిన కేసులు కొత్తేమీ కాదు.

ఇంకొకటి. మీరు కొన్న బండి 2023 జూలై వరదల్లో హన్మకొండ, వరంగల్ కాలనీల్లో నీళ్లలో నిలబడిందేమో కనుక్కోండి. చక్రం సగం దాకా మునిగినా కింద కవరులోకి బురద పోతుంది, టెన్షనర్, ఐడ్లర్ బేరింగుల్లో గ్రీజు పాడవుతుంది. అలాంటి బండికి కిలోమీటర్లతో, ఏళ్లతో పనిలేదు, మొత్తం కిట్టు మార్చాల్సిందే. కింద కవరు విప్పితే మూలల్లో ఎండిన సన్న మట్టి పొర కనిపిస్తుంది, అదే సాక్ష్యం.

తెగితే ఏమవుతుంది. క్యామ్ ఆగిపోతుంది, క్రాంక్ ఆగదు. తెరుచుకుని ఉన్న వాల్వుల మీదికి పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. ఈ ఇంజన్‌లో పదహారు వాల్వులు. అన్నీ కాకపోయినా చాలావరకు వంగుతాయి, రాకర్లు విరుగుతాయి, దెబ్బ గట్టిదైతే పిస్టన్ మీద గాటు పడుతుంది. హెడ్డు, అంటే వాల్వులుండే ఇంజన్ పై భాగం, దించాలి. వాల్వులు, గైడ్లు, గాస్కెట్ సెట్టు, హెడ్డు బోల్టులు, లేత్ పని, దాని మీద మళ్లీ ఇదే బెల్టు కిట్టు. లక్ష దాటుతుంది. ఈ వయసు లారా అమ్మితే వచ్చే డబ్బుతో పోల్చుకుంటే చాలామంది బండిని అట్లనే వదిలేస్తారు. ఏడాది ఆగి మీరు మిగుల్చుకునేది ఏమీ లేదు, ఎప్పుడైనా పెట్టాల్సిన 25 వేలే.

ఇక పని చేయించే పద్ధతి. సామాను మీరే తెప్పించుకోవచ్చు. ఐఎన్ఏ, గేట్స్, కాంటిటెక్, ఈ మూడింట్లో ఏదైనా సరే, వాటర్ పంపుతో కలిసిన కిట్టు అడగండి. ఛాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ సరిచూసుకోండి, ఒకే 2.0 టీడీఐ పేరుతో వేర్వేరు ఇంజన్లు ఉన్నాయి, బెల్టు పళ్ల లెక్క తేడా వస్తుంది. వరంగల్‌లో దొరక్కపోతే హైదరాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది, ఆర్టీసీ కార్గోలో వేస్తే హన్మకొండ బస్టాండుకు వచ్చేస్తుంది. డబ్బా సీలు, ముద్రణ చూడండి, సగం ధరకు ఇస్తున్నాడంటే డూప్లికేటే. బెల్టును చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇస్తే తీసుకోవద్దు. గట్టిగా మడిచిన బెల్టులో గాజు నారలు అక్కడే విరుగుతాయి, పైకి మడత కూడా కనబడదు.

కిట్టు కాక కావాల్సినవి: ఇంజన్ మౌంటు బోల్టులు, క్రాంక్ పుల్లీ బోల్టులు కొత్తవి. ఇవి బిగించినప్పుడు సాగే రకం, ఒక్కసారికే. పాతవే మళ్లీ బిగిస్తే కొన్నాళ్లకు మౌంటు దగ్గర టక్ టక్ మని చప్పుడు, ఇంకా ఖర్మ కాలితే బోల్టు తల తెగి బ్లాకులో ఇరుక్కుంటుంది. కూలెంట్ స్కోడాకు సరిపడే గులాబీ రంగుది, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. ఆకుపచ్చది కలపొద్దు. బోరు నీళ్లు అసలు పోయొద్దు, మన దగ్గర బోరు నీళ్లకు రేడియేటర్ లోపల తెల్లటి గార కడుతుంది.

మెకానిక్‌ను అడగాల్సింది ఒకే మాట: "లాకింగ్ టూల్స్ ఉన్నాయా, చూపించు." క్రాంక్‌కు ఒక లాకు, క్యామ్ హబ్బుకు ఒక పిన్ను, డీజిల్ హై ప్రెషర్ పంపుకు ఇంకో పిన్ను. ఈ మూడూ పెట్టాకే పాత బెల్టు విప్పాలి. "ఎందుకన్నా, వైట్నర్‌తో గుర్తు పెట్టి తీస్తా" అంటే నమస్కారం పెట్టి బయటికి రండి. వైట్నర్ గుర్తు పాత బెల్టు ఎక్కడుందో చెబుతుంది, సరిగ్గా ఉందో లేదో చెప్పదు. పాత బెల్టు ఇప్పటికే కాస్త సాగి ఉంటే ఆ తప్పు కొత్త బెల్టుకూ ఎక్కుతుంది. ఒక పన్ను తేడాతో కూడా ఈ ఇంజన్ స్టార్ట్ అవుతుంది. పొద్దున సెల్ఫ్ ఎక్కువ తీసుకుంటుంది, పికప్ తగ్గుతుంది, పొగ వస్తుంది, చెక్ ఇంజన్ దీపం వెలుగుతుంది. ఇంజెక్టర్లు పోయాయని ఇంకో ముప్పై వేలు వదిలించుకున్నవాళ్లు ఉన్నారు.

పని జరుగుతుంటే దగ్గర నిలబడి చూడదగ్గవి కొన్ని. జాకీ పెట్టేటప్పుడు ఇంజన్ సంపు (ఆయిల్ నిలిచే తొట్టి) కింద చెక్క ముక్క ఉండాలి, అది అల్యూమినియం సంపు, ఉత్త జాకీ పెడితే పగులుతుంది. పంపు ఓ-రింగుకు (రబ్బరు సీలుకు) కాస్త కూలెంట్ తడి చాలు, గమ్ము పూస్తుంటే ఆపండి, ఆ గమ్ము ముక్కలు తర్వాత రేడియేటర్ దారుల్లో తేలుతాయి. టెన్షనర్ వెనక ఒక చిన్న నాలుక ఉంటుంది, అది వెనక రేకులో ఉన్న గాడిలో కూర్చోవాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. చీకట్లో, తొందరలో నాలుక గాడి పక్కన పడుతుంది, నట్టు బిగించేస్తారు. బండి నడుస్తుంది, కొన్ని వందల కిలోమీటర్లకు టెన్షనర్ వదులై బెల్టు జారుతుంది. కొత్త బెల్టు వేసిన నెలకే ఇంజన్ పోయిందని వినే కథల్లో చాలావాటికి కారణం ఇదే. టార్చి పట్టుకుని చూపించమనండి, తప్పు లేదు.

బిగించాక టెన్షనర్ ముల్లు దాని గాడికి ఎదురుగా రావాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఈ సెట్టింగ్ చేయాలి, హైదరాబాద్ నుంచి వేడి వేడిగా వచ్చిన బండికి వెంటనే చేస్తే కొలత తప్పుతుంది. తర్వాత లాకులు తీసి, క్రాంక్‌ను పానాతో చేత్తో రెండు చుట్లు తిరిగే దిశలోనే తిప్పాలి, మళ్లీ లాకులు పెట్టి చూడాలి. మూడూ నునుపుగా దూరితే సరే. సుత్తితో కొట్టి దూర్చాల్సి వస్తే మళ్లీ మొదటికి రావాలి. ఈ రెండు చుట్లు తిప్పకుండా సెల్ఫ్ కొట్టేవాడి దగ్గర బండి పెట్టొద్దు.

కూలెంట్ నింపాక హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, ఫ్యాన్ ఒకసారి తిరిగేదాకా ఇంజన్ నడపాలి. గాలి బుడగలు పోయాక లెవెల్ పడిపోతుంది, మళ్లీ పోయాలి. మరుసటి పొద్దున చల్లటి ఇంజన్ మీద ఒకసారి, వారం తర్వాత ఒకసారి చూసుకోండి. పాత బెల్టు, టెన్షనర్, పంపు సంచిలో వేసి ఇవ్వమనండి. మార్చారా లేదా అన్న అనుమానం తీరుతుంది. పాత ఐడ్లర్‌ను వేలితో తిప్పితే గరగర మంటే బెల్టు ఎంత దూరం వచ్చిందో తెలిసిపోతుంది. తేదీ, కిలోమీటర్లు రాసి కవరు మీద అంటించండి, రేపు బండి అమ్మితే ఆ బిల్లుకు విలువ ఉంటుంది.

ఇదే అనుమానం ఉన్న మిగతావాళ్లకు ఒక్క మాట. పోలో, వెంటో డీజిళ్లు, డస్టర్ డీజిల్, ఎకోస్పోర్ట్ 1.5 డీజిల్, పాత శాంట్రో, పాత ఇన్నోవా, ఇవన్నీ బెల్టు బండ్లే. స్విఫ్ట్ 1.3 డీజిల్, ఇన్నోవా క్రిస్టా 2.4 డీజిల్ చెయిన్ బండ్లు, వాటికి ఈ లెక్క వర్తించదు. ఏసీ, ఆల్టర్నేటర్ తిప్పే బయటి ఫ్యాన్ బెల్టు మార్పించి టైమింగ్ బెల్టు అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది, బిల్లులో ఏది రాశారో చదవండి.

చివరగా మీరు అడిగింది: హైదరాబాద్ దాకా 145 కిలోమీటర్లు ఇదే బెల్టు మీద నడుపుకుంటూ పోవచ్చా. కవరు తీసి చూసినప్పుడు నూనె తడి, పీచు, గులాబీ మరకలు లేకపోతే, ముందు వైపు నుంచి గుయ్ మనే చప్పుడు లేకపోతే పోవచ్చు. అప్పటిదాకా బ్యాటరీ దిగితే తోసి స్టార్ట్ చేయొద్దు, జంపర్ కేబుల్ వాడండి. తోసి గేరు వేసినప్పుడు పడే కుదుపుకు ముసలి బెల్టు పన్ను దాటుతుంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తాళం తిప్పకుండా ఫ్లాట్‌బెడ్ బండికి ఫోన్ చేయండి.